రెండు విమానముల నడుమ దేవరకొండ

మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ చదివినవారికి అందలి ప్రయాణక్రమము జ్ఞాపకముండును. మణిసిద్ధుడను యతి ఒక గోపబాలకుని వెంటబెట్టుకొని కాలినడకను కాశికి పోవుచు మజిలీ మజిలీకి ఆగును. శిష్యుడు ఊరిలోనికి పోయి, ఏదో యొక వింతను చూచి వచ్చి, దాని వృత్తాంతము చెప్పిననే గాని కదలనని పట్టుపట్టును. పండ్రెండు భాగములకు పెరిగిన ఆ గ్రంథమంతయు ఈ విధముగ దారిలో ఆగిన వేళల నుండి పుట్టినది. అంతకు పూర్వమే, 1830లో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ ‘కాశీయాత్ర చరిత్ర’ యందు, వనపర్తి మొదలైన పాలమూరు సీమలోని ఊళ్ల మీదుగా హైదరాబాదునకు వచ్చుచు, దిగిన చోట నెల్ల నీటివసతి యెట్టిది, బసకు తావున్నదా, అంగళ్లలో ఏమేమి దొరకునను సంగతులను శ్రద్ధతో వ్రాసికొనిరి. మజిలీయనునది వారికి ప్రయాణములో పోయిన కాలము గాక, ప్రయాణముచే లభించిన కాలమై యుండెను.

నేడు కాలినడకయు, ఎడ్లబండియు పోయినవి గాని మజిలీ పోలేదు. దుబాయి, దోహా, అబూధాబీల మీదుగా తెల్లవారుజామున శంషాబాదున దిగి, రాజమహేంద్రవరమునకో, తిరుపతికో, విశాఖపట్టణమునకో పోవు విమానము రాత్రి యెనిమిదింటికి గాని లేదని తెలిసి, పదునాలుగు గంటల కాలమును చేతబట్టుకొని నిలువబడు తెలుగువారు ప్రతిదినమును అచట కనబడుదురు. ఆ కాలము నేమి చేయవలెనను ప్రశ్నకు ముఖ్యముగ మూడు సమాధానములు వినబడుచున్నవి: విమానాశ్రయము విడువరాదనునది యొకటి, హైదరాబాదు నగరము చుట్టి రావలెననునది రెండవది, నగరమును ప్రక్కకు పెట్టి ఏదేని యొక చిన్న ఊరికి పోయి రావలెననునది మూడవది. ఈ మూడవ మతమును అనుసరించువారు మిక్కిలి కొద్దిమంది. దానిని గూర్చియే ఎక్కువగ చెప్పదలచితిని. శంషాబాదునకు దక్షిణముగ నల్లగొండ జిల్లాలో, ఇంచుమించు నూరు కిలోమీటర్ల దూరమున నున్న దేవరకొండను అందులకు ఉదాహరణముగ గ్రహించుచున్నాను. అచట విమానాశ్రయము లేదు. రైలు మార్గమైనను లేదు. అట్టి ఊరు ఆకాశయానము చేయువానికి మజిలీ కాగలదా యనునదియే విచార్యము.

మొట్టమొదట కాలగణనము సరిగ నుండవలెను. విమానము ఆలస్యమగుట వేరు, టికెట్టులోనే వ్రాయబడిన విరామము వేరు. ఆలస్యమైనచో ప్రయాణికునికి ఆహారాదులు సమకూర్చు బాధ్యత, నియమముల మేరకు, విమాన సంస్థపై నుండును. తెలిసి కొనుక్కొన్న విరామమునకు కర్త ప్రయాణికుడే. విదేశము నుండి వచ్చి దేశములో మరియొక విమానము ఎక్కువాడు సాధారణముగ తాను మొదట దిగిన చోటనే ఇమ్మిగ్రేషను, కస్టమ్సు తనిఖీలు ముగించుకొని, పెట్టెలు తీసికొని, తిరిగి అప్పగింపవలసి యుండును. ఆరు గంటలకు దిగినవాడు వెలుపలికి వచ్చుసరికి ఏడున్నరయగును. తిరుగు వేళ దేశీయ విమానమునకు రెండు గంటలు, విదేశీ విమానమునకు మూడు గంటలు ముందుగ చేరుట క్షేమము. దేవరకొండకు పోవుటకు రెండు రెండున్నర గంటలు, వచ్చుటకు అంతియే. ఈ లెక్కలన్నియు తీసివేయగా పదునాలుగు గంటల విరామమున ఊరిలో గడుపదగినవి నాలుగు గంటలు. దారిలో సంభవింపగల ఆటంకములకు మిగులునది గంటన్నర. కావున పండ్రెండు గంటలకు తక్కువ వ్యవధి గలవారు దేవరకొండ మాట తలపెట్టరాదు. విదేశీ పాసుపోర్టు గలవారికి వీసాయో, తగిన అనుమతిపత్రమో యున్ననే గాని వెలుపలికి వచ్చుట పొసగదు. పెట్టెలు మరుసటి విమానమునకు అప్పగింపబడినవో, తనవద్దనే యున్నవో తెలియక బయలుదేరుట అవివేకము. బరువుతో కొండ యెక్కినవాడు కోటను చూడడు, తన పెట్టెను చూచుకొనును.

విమానాశ్రయము విడువరాదను వారి మతమును తేలికగ త్రోసివేయరాదు. 2008 మార్చి 23న రాకపోకలు ప్రారంభించిన శంషాబాదు విమానాశ్రయమున నీడ, నీరు, పడకకు చోటు, పరిశుభ్రత గలవు. పసిపిల్లలతో నున్న తల్లులు, వృద్ధులు, రాత్రియంతయు నిద్ర లేనివారు, మందులు వేళకు పుచ్చుకొనవలసినవారు అచటనే విశ్రమించుట ఉత్తమము. మరియు గల్ఫు దేశములకు కూలికై పోవు మన తెలంగాణపు బిడ్డలు కొందరు ముందురాత్రియే ఊరి బస్సు దిగి, మరునాటి విమానమునకై చేతిసంచి తలక్రింద పెట్టుకొని కాలము గడుపుదురు. ప్రతి రూపాయికిని ఇంటివద్ద అప్పు కాచుకొని యున్నవారికి విహారమార్గములు బోధించుట తగదు. వారికి కావలసినది తక్కువ వెలకు భోజనము, నడుము వాల్చుటకు చోటు, కాగితములను చూచి మంచిమాటతో దారి చెప్పు మనుష్యుడు. విరామకాలమును గూర్చి వ్రాయువారు సంపన్నుల సౌఖ్యములను మాత్రమే వర్ణించి ఈ నిరీక్షణను మరచుట నాకు మిక్కిలి బాధాకరముగ తోచును. పాలమూరు నుండి దూరదేశపు ఆనకట్టల పనులకు తరలిన కూలీల కాలము నుండియు ఈ సీమవారి ప్రయాణములలో అధికభాగము ఇట్టి నిరీక్షణమే.

నగరము చుట్టుటను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆరేడు గంటల వ్యవధి గలవానికి గోలకొండ యొక్కటి చాలును. చార్మినారు, సాలార్‌జంగు మ్యూజియము, గోలకొండ, కుతుబ్‌షాహీ సమాధులు అన్నియు ఒకే పూటలో చూచితీరవలెనని బయలుదేరువాడు మోటారు కిటికీ నుండి రద్దీని చూచి తిరిగి వచ్చును. మ్యూజియము శుక్రవారమున మూసియుండునను చిన్న సంగతి తెలియక నిరాశ చెందువారును కలరు.

ఇక దక్షిణ మార్గము. విమానాశ్రయము నుండి వెలుపలి వలయ రహదారిపైకి ఎక్కినచో రెండు దారులు దొరకును. తుక్కుగూడ వద్ద దిగి శ్రీశైలము రహదారిన ఆమనగల్లు, కల్వకుర్తి ప్రాంతముల మీదుగా డిండి చేరి అటనుండి దేవరకొండకు మరలుట యొకటి. బొంగులూరు వద్ద దిగి సాగర్ రహదారిన ఇబ్రహీంపట్నము, యాచారము, మాల్ మీదుగా కొండమల్లేపల్లి చేరి, అచట కుడివైపునకు తిరుగుట మరియొకటి. పోవునపు డొకదారిని, వచ్చునపు డొకదారిని పట్టవలెనని కొందరికి ఉత్సాహము కలుగును. వ్యవధి కొలతవేసికొని వచ్చినవాడు తెలిసిన దారినే తిరిగి రావలెనని నా నిశ్చితాభిప్రాయము. బస్సున పోదలచినవారు పుష్పక్ బస్సున నగరపు అంచునకు చేరి, సాగర్ రోడ్డున దేవరకొండ బస్సు నెక్కవచ్చును గాని, వారికి మరి రెండు గంటల అదనపు వ్యవధి యుండవలెను.

నగరపు వెంచర్ల రాళ్లు కనుమరుగైన పిమ్మట నేల తన స్వరూపమును చూపును. ఎర్రచెల్కలు, వానిలో పత్తి, వేరుశనగ, ఆముదము. నడుమ నడుమ బత్తాయి తోటలు. ఎత్తిపెట్టినట్లున్న నల్లని బండగుట్టలు. రోడ్డునకు దూరముగ లంబాడీల తండాలు. మర్రిగూడ, నాంపల్లి, చింతపల్లి మండలములను తలచినపుడు ఫ్లోరైడు నీటిచే ఎముకలు వంగిన మనుష్యులను తలపక తప్పదు. ఈ సీమ యొక్క దుఃఖము తరతరములు త్రాగునీటిలోనే యుండెను. ఇంతకన్న విచిత్రమైన సంగతి యొకటి కలదు: కృష్ణానది నీరు పుట్టంగండి వద్ద ఎత్తిపోయబడి, పెద్దఅడిశర్లపల్లి మండలములోని అక్కంపల్లి జలాశయమున నిలిచి, కోదండాపురమున శుద్ధి చేయబడి, 2004 నుండి హైదరాబాదునకు పోవుచున్నది. దేవరకొండ పరిసరముల మీదుగానే మహానగరపు దాహము తీరుచున్నదని తెలిసినవాడు ఈ దారిని కేవలము రెండు స్థలముల మధ్యనున్న దూరముగా చూడజాలడు.

దేవరకొండలో చూడవలసినది కోట. ఊరికి ఆనుకొనియే యున్నది గనుక బస్టాండున దిగినవాడు మరియొక వాహనమునకై వెదుకులాడ నక్కరలేదు. ఏడు కొండలను కలుపుకొని కట్టిన ప్రాకారములు, ఒకదాని వెనుక నొకటిగ మలుపు తిరిగిన ద్వారములు, బురుజులు, కోనేరులు, పాడుపడిన ఆలయములు, ధాన్యపు కొట్ల శిథిలములు, వీని నడుమ సీతాఫలపు పొదలు – ఇది దాని స్థూలరూపము. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట తెలుగుదేశమున తలయెత్తిన రాజ్యములలో రేచర్ల పద్మనాయకులది యొకటి. సింగమనాయకుని కుమారులలో అనపోతానాయకుడు రాచకొండను, మాదానాయకుడు దేవరకొండను స్థానములుగ చేసికొనిరి. రెండు కొండలు, రెండు శాఖలు, ఒకే వంశము. రాచకొండ శాఖలో ‘రసార్ణవసుధాకరము’ అను అలంకార గ్రంథమును రచించిన సింగభూపాలుడు ప్రభవించుటచే దానికి పండితలోకమున ప్రసిద్ధి హెచ్చు. దేవరకొండ పేరు మాత్రము యుద్ధచరిత్రలో నిలిచినది.

ఆ యుద్ధవృత్తాంతము తెలిసికొని కోట యెక్కువానికి రాళ్లు వేరువిధముగ కనబడును. 1459 ప్రాంతమున బహమనీ సుల్తాను హుమాయూను సైన్యములు దేవరకొండను ముట్టడించినవి. కోటలోని లింగమనాయడు ఓఢ్రదేశాధిపతియైన కపిలేంద్ర గజపతి సాహాయ్యమును కోరెను. కపిలేంద్రుని కుమారుడగు హంవీరుని నాయకత్వమున గజపతి సేన అంతదూరము నుండి వచ్చి వెనుకనుండి తాకగా, కోటవారు లోపలినుండి వెలువడి ముందునుండి తాకిరి. రెంటి నడుమ చిక్కుకొన్న బహమనీ సేన చెదరిపోయినది. తెలంగాణమున బహమనీల ఆధిపత్యమును కుదిపివేసిన ఘట్టములలో ఇది ముఖ్యమైనది. ఈ కొండ బోడుల నడుమనున్న ఇరుకు మైదానమును పైనుండి చూచినపుడు, ముట్టడించిన సైన్యమునకు తప్పించుకొను దారి ఎంత సన్ననిదో గ్రంథములకంటె స్పష్టముగ బోధపడును. మరుసటి సంవత్సరముననే గజపతులు ఓరుగల్లును పట్టుకొనిరి. సహాయమునకు వచ్చినవారే పిదప ప్రభువులగుటయు చరిత్రలో తరచు చూచునదే గదా! కాలక్రమమున ఈ దుర్గము గోలకొండ వారి వశమైనది.

కోటను చూచు విధానమును గూర్చి ఒక మాట. పూటలో కోట యంతయు చూడవలెనను పట్టుదల వలదు. ఏడు కొండల ప్రాకారమును చుట్టివచ్చుటకు స్థానికునికే దినము చాలదు. క్రింది ద్వారములను నిదానముగ దాటి, వాని కమానులకు రాతి నెట్లు పేర్చిరో చూచి, ఒక కోనేటి వద్ద కూర్చుండి, శక్తికొలది ఒక బురుజు వరకు ఎక్కి దిగిన రెండు మూడు గంటలు పట్టును. విమానముల నడుమ వచ్చినవానికి అది పరిపూర్ణమైన దర్శనము. దారి తెలియనిచోట క్రింద నుండు పెద్దలను అడుగుట మేలు. “తాతా, కోటకు ఏ తొవ్వ పోవాలె?” అని అడిగినచో “గుట్ట మీదికా బిడ్డా? ఎండ ముదరకముందే పో, నీళ్లు పట్టుకపో, ఒక్కదానివే లోపటిదాంక పోకు” అని చెప్పు ముసలితనపు దయ ఈ ఊళ్లలో ఇంకను మిగిలియున్నది. ఆ మూడు మాటలలో మార్గదర్శినీ గ్రంథములు చెప్పవలసినదంతయు ఇమిడియున్నది. మార్చి నుండి జూను వరకు పగటివేళ ఈ బండలెక్కుట ప్రమాదకరము. వానలు పడిన పిమ్మట, ఆశ్వయుజ కార్తికములలో, కొండపై పచ్చదనము నిలిచియుండగా వచ్చినవారు అదృష్టవంతులు. ఆ ఋతువుననే బస్టాండుల వద్ద గంపలలో సీతాఫలములు దిగును. పాలమూరు జిల్లా బాలానగరు పేర ప్రసిద్ధమైన జాతి ఈ పరిసరములదే. నల్లగొండ బత్తాయి రసము ఏ దినమైనను దొరకును. పెద్ద భోజనశాలలను ఆశించి వచ్చుట కూడదు గాని, వేడి అన్నము, పప్పు, పచ్చిపులుసు దొరకిన పూట కొండ దిగివచ్చిన వానికి ఏ కొరతయు తోచదు.

ఇచటనే ఒక ప్రలోభము కాచుకొని యుండును. ఇంత దూరము వచ్చితిమి గదా, నాగార్జునసాగరము చూచిపోవుదమని తోచును. 1955 డిసెంబరు 10న నెహ్రూగారిచే శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీచే కాలువలకు నీరు విడువబడిన ఆ మహాసేతువు, దాని ఇరువదియారు గేట్లు, నీట మునిగిన లోయనుండి తరలింపబడిన శిల్పములు గల నాగార్జునకొండ ద్వీపము – ఇవి యొక పూర్తిదినమును కోరునవి. ద్వీపమునకు పడవమీద పోవలెను. పడవ వేళలు ప్రయాణికుని గడియారమును అనుసరింపవు. శ్రీశైలమన్నచో అసలే కూడదు. మన్ననూరు దాటిన పిమ్మట నల్లమల అడవిలో రాత్రి తొమ్మిదింటి నుండి ఉదయము ఆరింటి వరకు రాకపోకలు నిలిపివేయబడును. అడవి మృగములకు విడిచిన వేళ అది. దేవునికి మ్రొక్కుకొన్నవారు విమానముల నడుమ గాక, వేరుగ వచ్చుట ధర్మము. రాచకొండ దూరము తక్కువయే, చారిత్రకముగ దేవరకొండకు జంటయే. అయినను అచట నిర్జనత్వము హెచ్చు, క్రొత్తవాడు ఒంటరిగ తిరుగదగిన చోటు కాదు. దేవరకొండ మేలని నేను చెప్పుటకు కారణము అదియే: కోటయు ఊరును ప్రక్కప్రక్కన నున్నవి, దప్పిక గొన్నను, కాలు బెణికినను మనుష్యులున్నారు.

ప్రపంచమున ఇతర దేశములు ఈ ప్రశ్న నెట్లు పరిష్కరించుకొన్నవో చూచినచో మన లోపము తెలియును. సింగపూరులో విమానము మారువారికి, అయిదున్నర గంటలకు పైబడిన వ్యవధి యున్నచో, ఉచితముగ ఊరు చూపి తెచ్చు ఏర్పాటు కలదు. ఇస్తాంబులులో టర్కీ విమానసంస్థ ఆరు గంటలకు మించిన విరామము గలవారిని భోజనముతో సహా నగరదర్శనమునకు తీసికొనిపోవుచున్నది. హైదరాబాదు ముందు మిక్కిలి చిన్నదైన రేక్యవిక్ పట్టణము, అమెరికా ఐరోపాల నడుమ పోవువారిని టికెట్టు వెల పెంచకయే కొన్ని దినములు తన దేశమున ఆగనిచ్చి, ఆ ఆగినవారివలననే లోకప్రసిద్ధి గాంచినది. ఈ ఏర్పాటులలో ఆకర్షణ చూపబడు స్థలములలో నున్నదని చాలమంది తలతురు. నా దృష్టిలో దాని కీలకము మరియొకటి: వేళకు తిరిగి తెచ్చి దింపుదుమను హామీ. ఆ హామీ యున్న చోట ప్రయాణికుని మనస్సు గడియారమును వదలి చూడదగిన దానిని చూచును. అది లేని చోట చార్మినారు ముందు నిలిచినను వాని చూపు మణికట్టుమీదనే యుండును.

ఇట్టి హామీ మనకు క్రొత్తది కాదు. హయాత్‌నగరున మచిలీపట్నపు దారిపై కుతుబ్‌షాహీ రాణి హయాత్‌బక్షీ బేగము మసీదు చుట్టును కట్టించిన సరాయి గదులు, బావి నేటికిని చూడవచ్చును. గోలకొండ దాపున షేక్‌పేటలో మరియొక సరాయి నిలిచియున్నది. తీర్థమార్గములలోని సత్రములు, తాలూకా ఊళ్లలోని డాకుబంగళాలు, ధర్మాత్ములు త్రవ్వించిన దిగుడుబావులు అన్నియు ఒకే భావమునకు రూపములు: దారిన పోవువాడు ఒక పూట మనవాడని. 1932లో నిజాం రైల్వేశాఖ ఇరువదియేడు బస్సులతో, నూట అరువదియారుగురు ఉద్యోగులతో రోడ్డు రవాణా ప్రారంభించినపుడు, రైలు పోని దేవరకొండవంటి ఊళ్లకు ఆ భావము యంత్రరూపమున చేరినది. నేటి ఆర్టీసీ దానికి వారసురాలు. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణ స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేకుండుటచే, ఊరికి పదిమైళ్ల దూరమున నున్న కోటను బ్రతుకున ఎన్నడు చూడని తల్లులు పిల్లలతో బస్సెక్కి పోవుటకు వీలు కలిగినది. దూరదేశము నుండి వచ్చు ప్రయాణికునికి గావలసినదియు, తండా నుండి వచ్చు ఆ తల్లికి గావలసినదియు వేరువేరు కావు: సంచి పెట్టుకొనుటకు తాళమున్న గది, శుభ్రమైన మరుగుదొడ్డి, త్రాగునీరు, కోట మొదట నీడ, రాళ్ల సంగతి చెప్పగల స్థానికుడు, వేళ తప్పని తిరుగు బస్సు. పరదేశీయుని కొరకు కట్టిన వసతి ఊరివారికి పనికిరానిచో దానిని కట్టకుండుటయే మేలని నా తలంపు.

దేవరకొండ డిగ్రీ కళాశాలలో చదువు యువకులకు, యువతులకు ఈ సీమ చరిత్రమును నేర్పి, సెలవుదినములలో కోట మార్గదర్శకులుగ నియమించుట పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. పద్మనాయకుల వంశక్రమమును, 1459 నాటి ముట్టడిని, అక్కంపల్లి నీటి వృత్తాంతమును ఒకే నోట చెప్పగల పిల్ల యొకతె యున్నచో, నాలుగు గంటలకై వచ్చినవాడు మరల నాలుగు దినములకై రాగలడు. ప్రయాణికుని పక్షమునను కొన్ని విధులు కలవు. శిథిలములపై పేరు చెక్కరాదు. ప్లాస్టిక్ సీసా తెచ్చిన చేతితోనే క్రిందికి తీసికొనిపోవలెను. తండాల వారిని అనుమతి లేక ఛాయాచిత్రములు తీయరాదు. బేరమాడుటలో పట్టణపు అహంకారము చూపరాదు. అన్నింటికంటె ముందు, కొండ వైపు అడుగు వేయకమునుపే తిరుగు బస్సు వేళను గాని, మోటారువానితో తిరుగు ఒప్పందమును గాని స్థిరపరచుకొనవలెను.

అందుచే నేను ఆర్టీసీ వారిని, పురావస్తు శాఖవారిని కోరునది ప్రస్తుతమునకు మిక్కిలి స్వల్పమైనది. శంషాబాదు విమానాశ్రయపు బస్సుల వద్దను, దేవరకొండ బస్టాండునను, కోట మొదటి ద్వారము వద్దను తెలుగున, ఉర్దూన, ఇంగ్లీషున వ్రాసిన ఒక్కొక్క పట్టిక నిలుపవలెను. దానిపై కోటకు పోవు త్రోవ, ఎక్కుటకు పట్టు కాలము, నీరు దొరకు చోటు, ఎండకాలమున ఎక్కరాని వేళలు ఉండవలెను. అన్నింటికి పైన, పెద్ద అక్షరములతో, హైదరాబాదునకు తిరిగి పోవు బస్సుల వేళలుండవలెను.